లబో ఊళ్లో సబ్‌మెరైన్

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, పుస్తకాలు చదువుకునే మా మిత్రులంతా కలిసినప్పుడు, ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరైన మేడమ్ గారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

వెనక వరసలోవాళ్లకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను చప్పుడు కొంచెం... అదీ, అలా తగ్గించండి బాబూ. క్లాసు చెప్పే అలవాటు పోలేదు. ఎవరైనా పక్కవాళ్లతో మాట్లాడితే ఆపేసి వాళ్ల మొహంలోకి చూస్తాను, ముందే చెబుతున్నా.

నేను సాహిత్యం మాట్లాడే మనిషిని కాను. పోయినసారి మాస్టారు శ్రీనాథుడి గురించి అంత బాగా చెప్పాక, ఈవిడేంటి సబ్‌మెరైన్ అంటోంది అనుకుంటారేమో. కానీ ఒక మాట. ఈ హాల్లో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు. బంధువులు ఎవరొచ్చినా సింహాచలం, కైలాసగిరి, ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్. అంతేగా మనకి? నేనైతే లెక్కపెట్టడం మానేశాను. అందుకే మా అబ్బాయి జర్మనీలోని హాంబుర్గ్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఇక్కడికి దగ్గర్లోనే బీచ్ మీద ఒక సబ్‌మెరైన్ ఉంది, రెండో ప్రపంచయుద్ధం నాటిది" అంటే, మా ఆయన వెంటనే "అదెందుకురా, రోజూ చూస్తున్నాంగా" అన్నారు. నేను మాత్రం వెళ్దామన్నాను.

ఆ ఊరి పేరు లబో. నవ్వకండి. దిబో లేదు, ఒట్టి లబో. కీల్ అనే రేవు పట్నం నుంచి పడవెక్కితే సుమారు గంట. కీల్ దగ్గర సముద్రం వేలు పెట్టినట్టు నేలలోకి చొచ్చుకొచ్చింది. ఆ వేలి పొడుగునా పడవ ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి ఆగుతూ, మన ఆర్డినరీ బస్సులాగ వెళ్తుంది. దారిలో పెద్ద పెద్ద క్రేన్లతో షిప్‌యార్డు కనిపిస్తుంది. మన నేవీ శిశుమార్, శంకుష్ అని రెండు సబ్‌మెరైన్లు 1986లో తీసుకుంది కదా, అవి తయారైంది కీల్‌లోనే. నేవీ కుటుంబాలవాళ్లు తల ఊపుతున్నారు. వాళ్లకి తెలుసు.

లబో చేరేసరికి ముందు కనిపించేది సబ్‌మెరైన్ కాదు. ఎర్ర ఇటుకలు తొడిగిన పెద్ద స్తంభం. 72 మీటర్ల ఎత్తు. మొదటి యుద్ధంలో చనిపోయిన జర్మన్ నావికుల కోసం 1927లో మొదలుపెట్టి 1936లో పూర్తిచేశారు. 1936 అంటే అప్పటికి అక్కడ ఎవరి రాజ్యమో మీకు తెలుసు. ఇప్పుడు మాత్రం సముద్రంలో ప్రాణాలు పోగొట్టుకున్న అన్ని దేశాలవాళ్ల కోసం అని రాసిపెట్టారు. ఆ స్తంభం కాళ్ల దగ్గర, ఇసుకలో, దిమ్మెల మీద కూర్చుని ఉంది యూ-995. అప్పటి జర్మన్ సబ్‌మెరైన్లని యూ-బోట్లు అంటారు, అందుకే ఆ యూ. పొడవు 67 మీటర్లు. మా మనవడు, ఏడేళ్లవాడు, చూడగానే "మనదే పెద్దది నానమ్మా!" అన్నాడు. నిజమే, కుర్సురా 91 మీటర్లు. వాడి ఆనందం ఇంతా అంతా కాదు.

దీని పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1943లో హాంబుర్గ్‌లో తయారైంది. నార్వే నుంచి బయల్దేరి, రష్యాకి సరుకులు మోసుకెళ్లే ఓడల్ని ఉత్తర సముద్రాల్లో వేటాడింది. యుద్ధం అయిపోయేసరికి నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో ఉంది. ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది, వాళ్లు నార్వేకి ఇచ్చారు. నార్వేవాళ్లు 1952లో దానికి కౌరా అని పేరు పెట్టి, తమ నేవీలో పదేళ్లకు పైగా వాడుకున్నారు. ఏ దేశాన్ని ఆక్రమించి అక్కడ కాపరం పెట్టారో, ఆ దేశానికే చాకిరీ చేసింది చివరికి. యుద్ధంలో గడిపింది రెండేళ్లు కూడా లేదు. తర్వాత నార్వే దాన్ని ఒక్క మార్కుకి, అంటే మన రూపాయిలాగ జర్మన్ల డబ్బు, ఇస్తాం పట్టుకుపోండి అంటే, జర్మన్ ప్రభుత్వం వద్దంది. మాజీ నావికుల సంఘంవాళ్లు పూనుకుని తెచ్చి, 1972లో ఇక్కడ పెట్టారు.

వద్దనుకున్న ఆ ఇనుము విలువ ఇప్పుడు తెలుస్తోంది. ఈ ఏడో నంబరు రకం సబ్‌మెరైన్లు జర్మన్లు ఏడు వందల పైచిలుకు తయారుచేశారు. ఒకే రకంవి అన్ని సబ్‌మెరైన్లు ప్రపంచంలో ఇంకెవరూ కట్టలేదు. వాటిలో ఈ రోజుకి నిలిచి ఉన్నది ఇదొక్కటే. వేరే రకాలవి ఇంకా ఉన్నాయి లెండి. చికాగోలో ఒకటి, ఇంగ్లండులో ఒకటి ముక్కలుగా కోసి పెట్టారు, బ్రెమర్‌హాఫెన్‌లో ఒకటి. ఆ బ్రెమర్‌హాఫెన్‌ది మనకి చుట్టం. ఎలాగంటారా? అది ఇరవై ఒకటో రకం. యుద్ధం చివర్లో తయారుచేశారు, నీళ్ల అడుగున ఎక్కువసేపు, ఎక్కువ వేగంగా పోయేలాగ. యుద్ధం ముగిశాక ఆ రకంవి రష్యావాళ్లకీ కొన్ని దొరికాయి. వాటిని విప్పి చూసి నేర్చుకున్న విద్యతోనే తర్వాత తమవి కట్టుకున్నారు. ఆ వరసలో వచ్చిందే మన కుర్సురా. తాతగారని అననుగానీ, పెదతాత వరస అవుతుంది.

సరే, లోపలికి పోదాం. ఎక్కేచోట ఒక తలుపు, దిగేచోట ఒక తలుపు. మామూలు తలుపులే, మనిషి నడిచి వెళ్లేంతవి. మావాడు గైడు పుస్తకంలోని బొమ్మ చూసి, "నానమ్మా, బొమ్మలో ఈ తలుపు లేదే?" అన్నాడు. లేదు నాన్నా. అది మనకోసం తర్వాత కోసిన తలుపు. అప్పట్లో పైనుంచి, నిచ్చెన మీద, గుండ్రటి కన్నాల్లోంచి దిగాల్సిందే. ఆ కోసినచోట నేను కాసేపు నిలబడిపోయాను. ఎందుకంటే అక్కడ ఒంటి మందం తెలుస్తుంది. ఈ సబ్‌మెరైన్ లోపలి ఉక్కు గొట్టం మందం 21 మిల్లీమీటర్లు. నా బొటనవేలు అడ్డం పెట్టి చూశాను, ఇంచుమించు అంతే. ఇది కొంచెం మెరుగైన తరగతి లెండి, అంతకు ముందువాటికి పద్దెనిమిదిన్నరే.

ఇప్పుడు ఒక్క లెక్క. తప్పదు, నన్ను పిలిచారు కాబట్టి. నీళ్లలో ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. చదరపు సెంటీమీటరు మీద ఇంచుమించు ఒక కిలో అనుకోండి. 200 మీటర్ల లోతున ఎంత? ఇరవై కిలోలు. మీ అరచెయ్యి చూసుకోండి, ఇది నూరు చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఒక అరచెయ్యంత చోట రెండు టన్నులు. ఒక్కో అరచెయ్యి మీద రెండేసి కార్లు ఎక్కించినట్టు, ఒళ్లంతా. దాన్ని ఆపుతున్నది బొటనవేలి మందం ఉక్కు. ఇంక ఆ గొట్టం లోపల మనుషులు.

వెనక నుంచి ముందుకి చెబుతాను. తోకలో కరెంటు మోటార్లు, ఆ పక్కన డీజిల్ ఇంజన్లు. మనలో చాలామందికి సబ్‌మెరైన్ అంటే ఎప్పుడూ నీళ్లలోపలే ఉంటుందని ఊహ. పేపర్లలో రాసే పేరు కూడా అలాంటిదే కదా, జలాంతర్గామి. కానీ అసలు సంగతి, ఇది నీళ్ల పైన తిరిగే ఓడ. అవసరమైతే కాసేపు మునుగుతుంది, అంతే. డీజిల్ మండాలంటే గాలి కావాలి. లోపలికి మునిగితే గాలేదీ? అప్పుడు బ్యాటరీలు. మీ ఇంట్లో ఇన్వర్టర్ కింద ఉండే బ్యాటరీ ఉందే, అదే. సీసం, సల్ఫ్యూరిక్ ఆమ్లం. కాకపోతే ఒక్కోటీ పెద్ద బీరువాలో సగమంత సెల్ అనుకోండి, అలాంటివి 124, మనం నడిచే నేల కింద.

పైన ఉంటే 17 నాట్లు పరిగెత్తేది. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు. మునిగితే ఏడున్నర, మన ఊళ్లో కుర్రాడు సైకిలు తొక్కినంత. అదీ కాసేపే. బ్యాటరీ పొదుపుగా వాడుకుంటే 4 నాట్ల వేగంతో 80 నాటికల్ మైళ్లు. అంటే పొద్దున్నే బీచ్ రోడ్డులో జాగింగ్ చేసేవాళ్ల వేగంతో, రమారమి ఇక్కణ్నుంచి కాకినాడ దాకా. ఇరవై గంటలు. ఆ తర్వాత కరెంటు పోయినట్టే. పైకి రావాలి. పైన విమానం తిరుగుతుంటే? రాడార్ పెట్టుకుని కాచుకుని ఉంటే? అక్కడే ఈ యూ-బోట్ల కథ ముగిసింది. 1943 వసంతం నుంచి వేటగాడే వేట అయ్యాడు.

వంటిల్లు చెప్పనా? ఆడవాళ్లంతా ఒక్కసారి ఇటు చూశారు. మన అపార్ట్‌మెంట్ల పూజగది ఉంటుంది చూడండి, అంతే. ఒక కరెంటు పొయ్యి. యాభై మందికి. బయల్దేరేటప్పుడు ఎక్కడ చోటుంటే అక్కడ సామాన్లు కుక్కేవాళ్లు. గొట్టాలకి సాసేజీలు వేలాడదీసేవాళ్లు. రొట్టెలు వారం పది రోజులకి తెల్లటి బూజు పట్టి, నూగు నూగుగా అయ్యేవి. వాటికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు కుందేళ్లు. బూజు చెవులు పట్టుకుని పైకి తీసి, లోపలి ముక్క తినేవాళ్లట. స్నానం మాట తలుచుకోకండి, మంచినీళ్లు తాగడానికే.

మరుగుదొడ్లు రెండు. రెండే. అందులో ఒకటి, ప్రయాణం మొదట్లో, తిండి సామాన్లతో నిండి ఉండేది. కాబట్టి ఒకటి. యాభై మందికి ఒకటి. దాని వెనక ఫిజిక్స్ ఉంది, చెప్పకుండా వదలను. బయట నీళ్ల ఒత్తిడి అంత ఉంటే, లోపల్నుంచి బయటికి పంపడం ఎలా? లోతులో ఉంటే మామూలుగా కుదరదు. యుద్ధం చివర్లో లోతులో కూడా వాడగలిగే కొత్త ఏర్పాటు పెట్టారు. బోలెడు వాల్వులు. ఒకటి ముందు, ఒకటి తర్వాత. వరస తప్పితే సముద్రం లోపలికొస్తుంది. 1945 ఏప్రిల్ 14న స్కాట్లండ్ దగ్గర యూ-1206 అనే సబ్‌మెరైన్, ఇదే ఏడో రకం, అలాగే పోయింది. ఆ కెప్టెన్ ఇచ్చిన నివేదిక ప్రకారం మరుగుదొడ్డి దగ్గర తేడా చేసి నీళ్లు వచ్చాయి. నీళ్లొస్తే తోడుకోవచ్చుగా? కింద బ్యాటరీలున్నాయని చెప్పానా! ఉప్పునీళ్లు బ్యాటరీలో పడితే ఏమవుతుంది? ఇంటర్ కెమిస్ట్రీ ఎవరికైనా గుర్తుందా? ఆ, క్లోరిన్. విషవాయువు. ఊపిరాడక పైకి తేలాల్సి వచ్చింది, పైన విమానాలు చూసేశాయి, ఇంక ఓడని వదిలేసుకున్నారు. నలుగురు చచ్చిపోయారు. నవ్వు వస్తుంది, నవ్వాక బాధేస్తుంది.

మధ్యలో కంట్రోల్ రూమ్. దానికి ముందూ వెనకా ఉండేవి తలుపులు కావు, గుండ్రటి కన్నాలు. ముందు ఒక కాలు వేసి, తల వంచి, నడుము మడిచి, తర్వాత రెండో కాలు. నా భుజం సంచీ అక్కడ ఇరుక్కుంది. వెనక లైను ఆగిపోయింది. మా ఆయన అటువైపు నుంచి లాగుతున్నారు, ఎవరో జర్మన్ పెద్దావిడ ఇటువైపు నుంచి తోస్తోంది. ఆవిడ నవ్వుతూ ఏదో అంది, మావాడు అర్థం చెప్పలేదు. ఆ కన్నంలోంచే, అలారం మోగితే, ఖాళీగా ఉన్న ప్రతివాడూ ముక్కు వైపుకి పరిగెత్తేవాడు. ఎందుకు? బరువు ముందుకు పడితే తొందరగా మునుగుతుందని. అర నిమిషంలో మునిగిపోవాలి. మనుషులే తూకపురాళ్లు.

కంట్రోల్ రూమ్ దాటగానే కెప్టెన్ గది. గది అంటున్నాను, ఒక మంచం, మడతబల్ల, అడ్డంగా తెర. అంతే. ఆ సబ్‌మెరైన్ మొత్తానికి తెర వేసుకుని ఒంటరిగా కూర్చునే హక్కు ఉన్నది ఆయనొక్కడికే. ఎదురుగా చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో రేడియో, నీళ్లలో చప్పుళ్లు వినే మనిషి. చెవిలో చెప్పినా వినిపించాలని అలా పెట్టారు. యూ-995కి చివరి కెప్టెన్ హాన్స్ గేఓర్గ్ హెస్. 1944లో చేతికి తీసుకునేనాటికి ఆయన వయసు 21. నేను మూడో ఏడాది డిగ్రీ పిల్లలకి క్లాసులు చెప్పేదాన్ని. వాళ్లలో ఎవరికి నా స్కూటర్ తాళాలు ఇవ్వగలనా అని ఆలోచించాను అక్కడ నిలబడి.

ఇక అన్నిటికంటే ముందు, ముక్కు దగ్గర, టార్పెడోల గది. టార్పెడో అంటే ఓడల్ని ముంచడానికి నీళ్లలోంచి పంపే బాంబు. నాలుగు గొట్టాలు. ఒక్కో టార్పెడో ఏడు మీటర్లు, బరువు టన్నున్నర. వాటితోపాటే కుర్రవాళ్ల పడక. ఒకడు డ్యూటీకి లేస్తే, ఆ వెచ్చటి పక్కలోకి డ్యూటీ దిగినవాడు. టార్పెడోలు ప్రయోగించాక చోటు పెరుగుతుంది. అంటే ఏమిటో ఆలోచించండి. ఎక్కడో ఒక ఓడ మునిగితే, వీళ్లకి కాళ్లు చాపుకోవడానికి జాగా దొరికేది.

నేను నిజం చెప్పాలి. అప్పటిదాకా నాకు చాలా బాగుంది. మెషీన్ అంటే నాకు ఇష్టం. ఎంత పొందిగ్గా అమర్చారు, ఒక్క అంగుళం కూడా వృథా లేదు అనుకుంటూ నడిచాను. ఈ గదిలోకొచ్చాక ఆ ఇష్టం గొంతులో అడ్డం పడింది. ఎందుకంటే ఈ అమరికంతా దేనికి? ఆ నాలుగు గొట్టాల కోసం. అక్కడి బోర్డుల్లో లోపల ఉన్నవాళ్ల కష్టం బాగానే తెలుస్తుంది. నలభై వేల మంది యూ-బోట్లలో పనిచేస్తే ముప్పై వేల మంది తిరిగి రాలేదు. నలుగురిలో ముగ్గురు. లబోకి వచ్చే దారిలోనే మ్యోల్టెనోర్ట్ అని ఇంకో రేవు, అక్కడ కంచు పలకల మీద వాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. కానీ ఆ టార్పెడో వెళ్లి తగిలిన చోట ఎవరున్నారు? అది ఆ గొట్టంలో నిలబడితే కనిపించదు. కనిపించే వీలే లేదు.

కాబట్టి అది నేను చెబుతాను. 1940 సెప్టెంబరులో లివర్‌పూల్ నుంచి కెనడాకి ఒక ఓడ బయల్దేరింది. పేరు సిటీ ఆఫ్ బెనారస్. మన కాశీ పేరే. లండన్ మీద బాంబులు పడుతున్నాయని, 90 మంది పిల్లల్ని కెనడాలో క్షేమంగా ఉంటారని ఎక్కించారు. సెప్టెంబరు 17 రాత్రి యూ-48 అనే సబ్‌మెరైన్ దాన్ని కొట్టింది. 77 మంది పిల్లలు పోయారు. ఈ కథ ఇంగ్లండులో అందరికీ తెలుసు. మనకి తెలియాల్సింది ఇంకోటి ఉంది. ఆ ఓడ నడిపే పనివాళ్లలో ఎక్కువమంది మన దేశంవాళ్లు. లస్కర్లు అనేవాళ్లు. బొగ్గు వెయ్యడం, వంట, డెక్ కడగడం. కలకత్తాలోనో బొంబాయిలోనో ఎక్కినవాళ్లు, పలచటి బట్టలతో అట్లాంటిక్ చలిలో పడవల్లో కూర్చుని, వందమందికి పైగా చనిపోయారు. ఒక లైఫ్‌బోట్ 46 మందితో ఎనిమిది రోజులు తేలింది. అందులో ఆరుగురు మగపిల్లలు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది లస్కర్లే. మొత్తం ఆ యుద్ధంలో సముద్రం పాలైన మన ఓడపనివాళ్లు ఆరు వేలకు అటూ ఇటూ. వాళ్ల పేర్లున్న పుస్తకం ముంబైలో ఉంది, చిట్టగాంగ్‌లో ఉంది. మనలో ఎంతమందికి తెలుసు? నాకూ తెలియదు, లబో నుంచి తిరిగొచ్చాక చదివాను.

ఇది చెబితే మా ఆయన, "మనవాళ్లు అటువైపే కాదు, ఇటువైపూ ఉన్నారు" అన్నారు. ఆయన అన్నది నేతాజీ గురించి. 1943 ఫిబ్రవరి 9న ఇదే కీల్ నుంచి యూ-180 అనే సబ్‌మెరైన్‌లో బయల్దేరారు బోసుగారు. వెంట ఒక్కడే మనిషి. ఎవరు? ఆబిద్ హసన్. మన హైదరాబాద్ కుర్రాడు, జర్మనీలో ఇంజనీరింగ్ చదవడానికి వెళ్లినవాడు. "జైహింద్" అనే పలకరింపు పుట్టించింది ఈయనే అంటారు. ఆ యూ-180 తొమ్మిదో రకం, యూ-995 కంటే పెద్దదే. అయినా సబ్‌మెరైన్ సబ్‌మెరైనే. లోపల దేన్ని ముట్టుకున్నా, ఏం తిన్నా డీజిల్ వాసన. ఆబిద్ హసన్ స్టోర్లో వెతికి బియ్యం, పప్పు సంపాదించి నేతాజీకి కిచిడీ వండి పెట్టాడు. మహానుభావుడు ఆయనేమో జర్మన్ ఆఫీసర్లని కూడా తినమని పిలిచేవారట. బియ్యం అయిపోతాయేమోనని ఈయనకి టెన్షన్. పగలంతా బోసుగారు డిక్టేషన్ చెబుతుంటే హసన్ రాసుకునేవాడు. దారిలో ఆ సబ్‌మెరైన్ ఒక బ్రిటిష్ ఆయిల్ ట్యాంకర్ని ముంచింది కూడా. చివరికి ఏప్రిల్ 28న మడగాస్కర్ దగ్గర, కెరటాలు ఎగిసిపడుతుంటే, రబ్బరు తెప్ప మీద తడుస్తూ జపాన్ సబ్‌మెరైన్‌లోకి మారారు. లెక్కపెట్టాను, 78 రోజులు. యుద్ధంలో మధ్య సముద్రంలో ఒక సబ్‌మెరైన్ నుంచి ఇంకోదానికి మామూలు ప్రయాణికులు మారడం అంటే మాటలా?

నేను ఆ సబ్‌మెరైన్‌లో ఉన్నది ఇరవై నిమిషాలు. బయటికొచ్చాక కూడా నా చున్నీకి ఆ వాసన ఉంది. పాత నూనె, పాత రంగు కలిసిన వాసన. అప్పటి వాసన కాదులెండి, ఎన్నోసార్లు రంగులు వేసి ఉంటారు. మా ఆయన మాత్రం "కుర్సురాలో ఇదే వాసన" అని ఖాయంగా చెప్పారు. తిరిగొచ్చాక ఆ సంగతి తేల్చుకుందామని మళ్లీ టికెట్టు కొని వెళ్లాం. ఇదే వాసన.

మీరు ఈసారి బంధువుల్ని తీసుకెళ్లినప్పుడు తొందరగా తోసుకుంటూ వచ్చేయకండి. అక్కడ చూపించేవాళ్లు నేవీలో చేసి రిటైరైనవాళ్లే. బ్యాటరీలు ఎక్కడ అని అడగండి, కాలి కింద చూపిస్తారు. మీరు ఎక్కడ పడుకునేవారండీ అని అడగండి. నేను అడిగాను. ఆయన ఒక మంచం చూపించి, దాని మీద చెయ్యి వేసి, అరగంట మాట్లాడారు. సోమవారం మాత్రం వెళ్లకండి, సెలవు.